ఫ్లోర్ మారినా కాల్ కట్ కాకూడదంటే: పెద్ద ఆఫీసుకి వైఫై ఎలా వేసుకోవాలి

"రెండో ఫ్లోర్‌లో వాట్సాప్ కాల్ మాట్లాడుతూ మూడో ఫ్లోర్‌కి ఎక్కితే కట్ అయిపోతోందండీ. ఇంకో రౌటర్ పెట్టమంటారా?"

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఆఫీసు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. బందరు రోడ్డు మీద అద్దాల బిల్డింగ్‌లో ఉన్నవాళ్లూ అడుగుతారు, బ్రాడీపేటలో పాత మేడ తీసుకుని ఆఫీసుగా మార్చుకున్నవాళ్లూ అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ, మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

ముందుగా జవాబు: ఇంకో రౌటర్ పెట్టకండి. పెడితే చాలాసార్లు సమస్య పెరుగుతుంది.

ఎందుకో కొంచెం చెప్పి పనిలోకి వెళ్దాం. ఏ వైఫై పెట్టెను పట్టుకోవాలో, దాన్ని ఎప్పుడు వదలాలో తేల్చుకునేది మీ ఫోనే. సీలింగ్‌కి బిగించిన పెట్టె ఫోన్‌కి సలహా ఇవ్వగలదు గానీ లాక్కెళ్లలేదు. ఐఫోన్ అయితే పట్టుకున్న సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే పడిపోయాకే ఇంకోదాన్ని వెతకడం మొదలుపెడుతుంది. మ్యాక్ ల్యాప్‌టాప్ మైనస్ 75 దాకా ఆగుతుంది. కాబట్టి మనం చేయాల్సింది రెండు పనులు. ఫోన్ వెతకడం మొదలుపెట్టే చోట ఇంకో పెట్టె గట్టిగా వినిపించాలి. ఆ రెండో పెట్టె కూడా అదే నెట్‌వర్క్‌లోది అయి ఉండాలి. ఫ్లోర్‌కో రౌటర్ పెట్టిన ఆఫీసుల్లో లేనిది ఈ రెండోదే. ఒక్కో రౌటర్ తన సొంత ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్లు) పంచుతుంది, ఫ్లోర్ మారగానే ఫోన్ అడ్రస్ మారిపోతుంది, నడుస్తున్న కాల్ తెగిపోతుంది.

డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత. ఆ అంకెలకు భయపడకండి. మైనస్ పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ సిగ్నల్ బాగున్నట్టు. మైనస్ 50 చాలా బాగుంది. మైనస్ 67 దాకా కాల్స్‌కి ఇబ్బంది లేదు. 75 దాటితే అవస్థ మొదలు. 80 దాటాక వైఫై పేరు కనిపిస్తుందే తప్ప పని జరగదు. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకె మైనస్ 67 ఒక్కటే.

కావలసినవి

- యాక్సెస్ పాయింట్లు, అంటే ఇందాక చెప్పిన, సీలింగ్‌కి బిగించే వైఫై పెట్టెలు. ఇకపై ఏపీ అని రాస్తాను. వైఫై 6 రకం చాలు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే కంట్రోలర్ కింద నడిచేవి కావాలి. యూనిఫై, ఒమాడా, అరూబా, రకస్ ఏదైనా పర్వాలేదు. కలగాపులగంగా మాత్రం కొనకండి.
- కంట్రోలర్. ఏపీలన్నిటినీ ఒకేచోట నుంచి నడిపేది ఇది. కొన్ని కంపెనీలది క్లౌడ్‌లో ఉంటుంది, కొన్నిటిది చిన్న పెట్టె, కొన్నిటిలో ఒక ఏపీయే మిగతావాటికి పెద్ద దిక్కుగా ఉంటుంది.
- పీఓఈ స్విచ్. ఒకే కేబుల్ మీద నెట్, కరెంటు రెండూ ఏపీకి పంపుతుంది.
- అసలు రాగి క్యాట్ 6 కేబుల్, 305 మీటర్ల బాక్సు లెక్కన.
- ఒక మంచి రౌటర్ లేదా ఫైర్‌వాల్. బిల్డింగ్ మొత్తానికి ఒక్కటే.
- రాక్ (స్విచ్, రౌటర్ బిగించే ఇనుప చట్రం), యూపీఎస్, లేబుల్ స్టిక్కర్లు, కేబుల్ టెస్టర్.
- ఫ్లోర్ ప్లాన్ ప్రింట్లు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు.
- ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫైమ్యాన్ లాంటి సిగ్నల్ కొలిచే యాప్. ఐఫోన్‌లో ఇలాంటి యాప్‌లకు చుట్టుపక్కల నెట్‌వర్కులన్నీ చూసే అనుమతి ఉండదు, అందుకే ఆండ్రాయిడ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. మ్యాక్ ఉంటే ఆప్షన్ కీ నొక్కిపట్టి వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి, అంకెలు కనిపిస్తాయి.

1. కొనే ముందు బిల్డింగ్ అంతా నడవండి

ప్లాన్ ప్రింట్ చేత్తో పట్టుకుని అన్ని ఫ్లోర్లూ తిరగండి. ఎర్ర పెన్నుతో అడ్డంకులు గుర్తుపెట్టండి: లిఫ్ట్ షాఫ్ట్, ఇనుప బీరువాల వరస, రికార్డు రూము, బాత్‌రూములు, కాంక్రీటు గోడలు. నీలం పెన్నుతో జనం కూర్చునే చోట్లు. ఆకుపచ్చతో జనం ఫోన్ మాట్లాడుతూ నడిచే దారులు. ఈ ఆకుపచ్చ గీతలను ఎవరూ గీయరు. మెట్లు, కాన్ఫరెన్స్ హాల్ ముందు ఖాళీ, క్యాంటీన్‌కి వెళ్లే దారి... కాల్స్ తెగేది సరిగ్గా అక్కడే.

గోడల మీద వేళ్లతో తట్టి చూడండి. ప్లైవుడ్, జిప్సం పార్టిషన్ అయితే సిగ్నల్ పెద్దగా తగ్గదు. మామూలు అద్దం కూడా అంతే. 9 అంగుళాల ఇటుక గోడ బాగా తినేస్తుంది, కాంక్రీటు ఇంకా ఎక్కువ. గవర్నర్‌పేటలో పాత బిల్డింగ్ ఒకటి చూశాను, లోపలి గోడలు కూడా అంత మందం. కాగితం మీద చిన్న ఆఫీసే. కొత్త బిల్డింగ్‌లో రెండు ఏపీలతో సరిపోయే జాగాకి అక్కడ ఐదు పట్టాయి. ఎండ ఆగడానికి రిఫ్లెక్టివ్ పూత వేసిన అద్దాలు కూడా ఇంతే. ఆ పూతలో లోహం ఉంటుంది, అది రేడియోని వెనక్కి కొడుతుంది.

2. ఎన్ని ఏపీలు, ఎక్కడ

నేను వాడే లెక్క ఇది. ఓపెన్ హాల్ అయితే 1500 నుంచి 2000 చదరపు అడుగులకి ఒక ఏపీ. క్యాబిన్లు ఎక్కువైతే, ఇటుక గోడల మధ్య రెండు మూడు గదులకి ఒకటి. దీంతోపాటు మనుషుల లెక్క కూడా చూడండి: ఒక ఏపీకి 25 నుంచి 30 మంది. మనిషికి ఫోను, ల్యాప్‌టాపు కలిపి రెండు పరికరాలు ఉంటాయి కాబట్టి అది 50, 60 పరికరాల కిందకి వస్తుంది. ఈ రెండు లెక్కల్లో ఏది ఎక్కువ చెబితే అన్ని ఏపీలు తీసుకోండి.

ఉదాహరణకి 4000 చదరపు అడుగుల ఫ్లోర్, 70 మంది. విస్తీర్ణం లెక్కన రెండు చాలు, జనం లెక్కన మూడు కావాలి. మూడు తీసుకోండి.

స్థలాల విషయంలో నేను పట్టుపట్టేవి:

- జనం కూర్చునే గదిలోనే, వాళ్ల తల మీదే పెట్టండి. కారిడార్ పొడవునా వరసగా పెట్టకండి. కారిడార్‌లో ఏపీలన్నీ ఒకదాన్నొకటి బాగా వింటాయి, గదుల్లో మనుషులకి మాత్రం గోడ దాటిన సిగ్నలే అందుతుంది.
- సీలింగ్ కింద పెట్టండి. ఫాల్స్ సీలింగ్ లోపల దాచకండి. అందంగా ఉంటుందని ఇంటీరియర్ వాళ్లు లోపల పెట్టమంటారు, ఒప్పుకోవద్దు. పైన ఏసీ డక్టులు, అల్యూమినియం రేకు, ఇనుప చట్రం ఉంటాయి.
- పై ఫ్లోర్ ఏపీ, కింది ఫ్లోర్ ఏపీ నిట్టనిలువుగా ఒకదాని మీద ఒకటి రాకుండా కొంచెం జరపండి.
- మెట్ల దగ్గర రెండు ఫ్లోర్ల ఏపీలూ కొంత వినిపించాలి. ల్యాండింగ్‌లో నిలబడితే ఏదో ఒకటి మైనస్ 67 లోపల ఉండాలి.
- లిఫ్ట్ లోపల వైఫై నిలుస్తుందని ఎవరికీ మాట ఇవ్వకండి. అది ఇనుప పెట్టె. లిఫ్ట్ తలుపు తెరుచుకునే చోట గట్టి సిగ్నల్ ఉంటే, బయటికి రాగానే ఫోన్ త్వరగా అందుకుంటుంది.

3. బిగించే ముందు ఒక ఏపీని వేలాడదీసి కొలవండి

ఈ అడుగు దాటేసినవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. ఒక్క ఏపీ కొని తెచ్చుకోండి. ఎత్తైన స్టాండుకో నిచ్చెనకో కట్టి సీలింగ్ ఎత్తుకి తీసుకెళ్లండి. పీఓఈ ఇన్‌జెక్టర్‌తో (ఒక్క ఏపీకి కేబుల్ మీద కరెంటు ఇచ్చే చిన్న అడాప్టర్) కరెంటు ఇవ్వండి. దాని పవర్‌ను మీడియంలో పెట్టి, తలుపులన్నీ మూయించి, ఫోన్ మామూలుగా చేత్తో పట్టుకునే ఎత్తులో ఉంచి నడవండి. వైఫై నడిచే రెండు బ్యాండ్లు 2.4, 5 గిగాహెర్ట్జ్. వీటిలో 5 లో మైనస్ 67 ఎక్కడ తగులుతుందో ప్లాన్ మీద చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలిపితే ఒక ఏపీ పరిధి ఎంతో మీ కళ్ల ముందు ఉంటుంది. తర్వాత ఏపీని రెండో చోటికి జరిపి మళ్లీ. పక్కపక్క పరిధులు ఒకదాని మీద ఒకటి 15 నుంచి 20 శాతం ఎక్కేలా చూసుకోండి.

ఒక ఫ్లోర్‌కి గంటన్నర పడుతుంది. ఖాళీ ఆఫీసులో కొలిస్తే, జనం వచ్చాక సిగ్నల్ కొంచెం తగ్గుతుందని గుర్తుంచుకోండి. మనిషి ఒంట్లో నీరు కూడా రేడియోని పీలుస్తుంది.

4. కేబుల్ లాగించడం

ఏపీ ఏపీకీ స్విచ్ నుంచి నేరుగా కేబుల్ రావాలి. ఇందులో రాజీ పడకండి. "వైర్‌లెస్ మెష్ పెడితే కేబుల్ అక్కర్లేదు" అని ఎవరైనా అంటే, అది ఇంటికి సరిపోయే మాట అని చెప్పండి. మెష్‌లో వెనక నెట్ కూడా గాల్లోనే రావాలి. ఒకే రేడియో రెండు పనులూ చేస్తే స్పీడు సగానికి పడిపోతుంది. రేంజ్ ఎక్స్‌టెండర్లకీ ఇదే జబ్బు.

కేబుల్ పొడవు మొత్తం 100 మీటర్లు దాటకూడదు. గోడలో 90, రెండు చివర్లా కలిపే చిన్న తీగలకి, అంటే ప్యాచ్ కార్డులకి, 10 అనుకోండి. పక్క బిల్డింగ్‌కి లాగాలంటే రాగి వద్దు, ఫైబర్ వేయించండి. పిడుగు పడితే రాగి తీగ గుండా రెండు వైపుల స్విచ్‌లూ కాలిపోతాయి.

ఇప్పుడు జాగ్రత్తగా వినాల్సిన సంగతి. మార్కెట్లో చవగ్గా దొరికే కొన్ని కేబుళ్లలో తీగ రాగిది ఉండదు. లోపల అల్యూమినియం, పైన పల్చటి రాగి పూత. బయటి డబ్బా, రాత అన్నీ ఒకేలా ఉంటాయి. మా చేతుల మీదుగా జరిగిన ఒక పనిలోనే ఇది వచ్చింది. కేబుల్ సప్లై చేసినవాళ్లని నమ్మి బాక్సు విప్పి చూడలేదు. రెండు నెలలకి దూరంగా ఉన్న ఏపీలు వాటంతట అవే రీస్టార్ట్ అవడం మొదలైంది. ఫాల్స్ సీలింగ్ విప్పి మొత్తం మళ్లీ లాగాం. ఆ ఆఫీసువాళ్లకి కలిగిన ఇబ్బంది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పట్నుంచి ప్రతి బాక్సుకీ ఈ పరీక్ష చేస్తున్నాను: తీగ కొన తీసుకుని బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే ఆ బాక్సు వెనక్కి పంపేయండి.

క్రింపింగ్ రెండు చివర్లా ఒకే వరసలో, 568బీ అనే రంగుల వరస ప్రకారం చేయించండి. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలగాలి. దాంతో ఆగకండి. ఏపీ కలిపాక స్విచ్ పేజీలో ఆ పోర్టు ఎంత స్పీడు చూపిస్తోందో చూడండి. 1 గిగాబిట్ చూపాలి. 100 మెగాబిట్ చూపిస్తే ఎక్కడో ఒక జత తీగ సరిగా తగలడం లేదు, ఆ చివర కోసి మళ్లీ కొట్టాలి.

రెండు చివర్లా లేబుల్ వేయండి. "3-02" అంటే మూడో ఫ్లోర్ రెండో ఏపీ అన్నట్టు. ఇప్పుడు పది నిమిషాల పని, రేపు ఒక రోజంతా మిగులుతుంది.

5. రాక్, పీఓఈ, కరెంటు

పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య ఒక్కటే చూసి మోసపోతారు. ఎనిమిది పోర్టులు ఉన్నంత మాత్రాన ఎనిమిది ఏపీలు నడవవు. స్విచ్ మొత్తంగా ఎన్ని వాట్లు ఇస్తుందో చూడండి. ఏపీకి 13 వాట్లు అనుకుంటే ఎనిమిదింటికి 104 వాట్లు. 65 వాట్ల స్విచ్ అయిదింటి దగ్గరే ఆగిపోతుంది. పెద్ద ఏపీలకి పీఓఈ ప్లస్ అడుగుతారు. మామూలు పీఓఈ పోర్టు 15.4 వాట్లు ఇస్తే ప్లస్ 30 దాకా ఇస్తుంది. ఏపీ డబ్బా మీద ఏది రాసుందో చదివి కొనండి.

రాక్ సెల్లార్‌లో పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ దుకాణాలూ రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మనం కళ్లారా చూశాం. అలాగని పైన మేడ మీద రేకుల గదిలోనూ వద్దు. మే నెలలో బయటే 45 డిగ్రీలకి దగ్గరపడే ఊరు మనది, రేకుల కింద ఇంకా ఎక్కువ. చాలా స్విచ్‌లు 40, 50 డిగ్రీల దాకానే పనిచేస్తాయి. మధ్య ఫ్లోర్‌లో, గాలి ఆడే గదిలో పెడితే కేబుళ్ల పొడవు కూడా కలిసొస్తుంది.

యూపీఎస్ తప్పనిసరి. "మాకు జనరేటర్ ఉందండీ" అంటారు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లకే ఏపీలన్నీ ఆరిపోతాయి, మళ్లీ లేచి నిలబడటానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. రాక్‌కి చిన్న యూపీఎస్ ఉంటే ఆ సందు తెలియనే తెలియదు. అన్ని ఏపీలకీ పీఓఈ మీదే కరెంటు వెళ్తుంది కాబట్టి రాక్‌కి ఒక్కటి పెడితే సరిపోతుంది.

6. అడ్రసులు పంచేది ఒక్కరే

ఐపీ అడ్రసులు పంచే పని, అంటే డీహెచ్‌సీపీ, ఒక్క రౌటర్‌దే. పాత రౌటర్లను ఏపీలుగా వాడుకోక తప్పకపోతే వాటిలో డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ను బయటి నెట్ కోసం ఉన్న వాన్ పోర్టుకి కాకుండా, లోపలి పరికరాల కోసం ఉన్న లాన్ పోర్టుకి కలపండి. పాత రౌటర్లతో కవరేజీ వస్తుంది గానీ ఏపీలంత సాఫీగా ఉండదు, తాత్కాలికంగానే వాడండి.

మామూలు సెట్టింగులో దొరికే అడ్రసులు 254. 100 మంది ఆఫీసులో మనిషికి రెండు పరికరాలు, పైన ప్రింటర్లు, కెమెరాలు, వచ్చిపోయేవాళ్లు కలిస్తే ఉదయం పదకొండింటికల్లా అయిపోతాయి. అప్పుడు వైఫై కనెక్ట్ అవుతుంది, నెట్ రాదు. అందరూ సిగ్నల్‌ని తిడతారు. రౌటర్‌లో సబ్‌నెట్ మాస్క్‌ను (ఎన్ని అడ్రసులు ఉండాలో తేల్చే సెట్టింగ్) 255.255.252.0 చేస్తే 1022 అడ్రసులు వస్తాయి. ఇంకా మంచి పద్ధతి, స్టాఫ్, గెస్ట్, కెమెరాలు ఇలా వేర్వేరు వీలాన్‌లు, అంటే అవే కేబుళ్ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు. ఏదైనా సరే, ఒక్కటి మరవకండి: స్టాఫ్ వైఫై అన్ని ఫ్లోర్లలోనూ ఒకే వీలాన్‌లో ఉండాలి. ఫ్లోర్‌కో వీలాన్ పెడితే మళ్లీ ఫ్లోర్ మారినప్పుడు అడ్రస్ మారి కాల్ కట్ అవుతుంది.

7. పేరు, పాస్‌వర్డ్

స్టాఫ్‌కి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం సెక్యూరిటీ అన్ని ఏపీలకీ. కంట్రోలర్ ఉంటే ఒక్కసారి కొడితే చాలు. "ఆఫీస్-గ్రౌండ్", "ఆఫీస్-ఫస్ట్" అని ఫ్లోర్‌కో పేరు పెట్టకండి. పేరు మారితే ఫోన్‌కి అది వేరే నెట్‌వర్కే.

మొత్తం పేర్లు మూడు దాటనివ్వకండి: స్టాఫ్, గెస్ట్, మెషిన్లు. ఒక్కో పేరునీ ప్రతి ఏపీ సెకనుకి పదిసార్లు చాటుతూనే ఉంటుంది. ఎండీ గారికొకటి, అకౌంట్స్‌కొకటి అని పెంచుకుంటూ పోతే ఆ చాటింపులకే గాల్లో సమయం ఖర్చైపోతుంది. మెషిన్లు అంటే బయోమెట్రిక్ హాజరు పెట్టె, పాత ప్రింటర్, స్వైపింగ్ మెషిన్ లాంటివి. వీటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, అందుకే వాటికి 2.4 లోనే ఒక పేరు ఇవ్వండి.

సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, పరికరాలన్నీ కొత్తవైతే డబ్ల్యూపీఏ3.

8. పవర్ తగ్గించండి, చానళ్లు పంచండి

ఈ అడుగు దగ్గర నాతో వాదించనివాళ్లు తక్కువ. సిగ్నల్ సరిపోవట్లేదంటే పవర్ ఫుల్ పెట్టాలనే అందరికీ తోస్తుంది. ఆలోచించండి: ఏపీ మైకులో అరుస్తోంది, ఫోన్ మాత్రం తన చిన్న బ్యాటరీతో మామూలుగా మాట్లాడుతోంది. ఏపీ మాట ఫోన్‌కి వినిపిస్తుంది, ఫోన్ మాట ఏపీకి చేరదు. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ కదలదు. పైగా పక్క ఏపీ దగ్గరికి వచ్చినా పాతదాని కేక ఇంకా గట్టిగానే వినిపిస్తుంటే ఫోన్ దాన్ని వదలదు. "పై ఫ్లోర్‌కి వచ్చినా కింది ఫ్లోర్ వైఫైకే అతుక్కుని ఉంటోంది" అనే ఫిర్యాదుకి మూలం ఇదే.

ఏపీ పంపే పవర్‌కి నేను మొదలుపెట్టే అంకెలు (ఇవి మైనస్ కాదు): 5 గిగాహెర్ట్జ్‌లో 12 నుంచి 15 డీబీఎం, 2.4 లో 6 నుంచి 9. అంకెలు ఇవ్వని కంట్రోలర్ అయితే 5 కి మీడియం, 2.4 కి లో. తర్వాత నడిచి చూసి ఒక్కో ఏపీని సరిచేయండి.

2.4 లో ఒకదాన్నొకటి తొక్కని చానళ్లు మూడే: 1, 6, 11. వెడల్పు 20 మెగాహెర్ట్జ్. మధ్యలో 3 ఖాళీగా ఉందని అక్కడ పెడితే 1 తోనూ 6 తోనూ గొడవ పడుతుంది. బెంజ్ సర్కిల్ లాంటి చోట స్కాన్ చేస్తే చుట్టుపక్కల షాపులవి, ఫ్లాట్లవి కలిపి 2.4 కిక్కిరిసి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఏపీలు దగ్గర దగ్గరగా ఉంటే సగం ఏపీల్లో 2.4 ఆపేయండి.

అసలు పని 5 లో జరగాలి. 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండ్‌లో ఎక్కువ భాగాన్ని లైసెన్స్ అక్కర్లేకుండా తెరిచింది కాబట్టి మనకి చానళ్లు బాగానే ఉన్నాయి. కంట్రోలర్‌లో దేశం ఇండియా అని ఉందో లేదో చూసుకోండి. చానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెడితే స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె వస్తుంది. కానీ రాడార్ జోలికి పోని చానళ్లు అప్పుడు రెండే మిగులుతాయి, 15 ఏపీలున్న బిల్డింగ్‌కి అవి ఏ మూలకీ చాలవు. 40 పెడితే నాలుగు, 20 పెడితే తొమ్మిది. ఒక ఫ్లోర్‌కి మూడు నాలుగు ఏపీలైతే 40, అంతకన్నా దట్టంగా ఉంటే 20.

52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లు రాడార్‌తో పంచుకునేవి. వాడుకోవచ్చు. అయితే రాడార్ అని అనుమానం వస్తే ఏపీ వెంటనే ఆ చానల్ వదిలి వెళ్లిపోవాలి, అందరికీ ఒక్కసారి నెట్ ఆగుతుంది. వారంపాటు కంట్రోలర్ లాగ్ (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) చూడండి. గన్నవరం విమానాశ్రయం వైపు ఆఫీసులైతే ఇంకొంచెం శ్రద్ధగా చూడండి. పదేపదే అదే కనిపిస్తే ఆ చానళ్లు తీసేయండి.

ఆటో చానల్ ఉంటే రాత్రి మూడింటికి మారేలా పెట్టండి. పని వేళల్లో వద్దు.

9. రోమింగ్ సెట్టింగులు

మూడు ఉంటాయి: 802.11 కె, వి, ఆర్. కె అంటే చుట్టుపక్కల ఏ ఏపీలున్నాయో ఫోన్‌కి జాబితా ఇవ్వడం. వి అంటే "అటు వెళ్తే మంచిది" అని సలహా చెప్పడం. ఈ రెండూ ఆన్ చేసేయండి. ఆర్ అంటే మారేటప్పుడు తాళం తీసే పని త్వరగా ముగించడం. ఉద్యోగికో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టిన ఆఫీసుల్లో ఇది బాగా ఉపయోగం. అందరికీ ఒకే పాస్‌వర్డ్ అయితే తేడా స్వల్పం. పాత ప్రింటర్లు, స్కానర్లు కొన్ని ఆర్ ఆన్ చేస్తే అసలు కనెక్ట్ కావు. అందుకని ముందు కె, వి తో నడిపి, తర్వాత ఒక శనివారం ఆర్ ఆన్ చేసి అన్ని పరికరాలూ చూసుకోండి.

కనీస డేటా రేట్ 12 మెగాబిట్‌కి పెంచండి. దూరంగా ఉండి నత్తనడకన నడిచే పరికరాలు అందరి సమయాన్నీ తినకుండా ఉంటాయి. మెషిన్ల పేరుకి మాత్రం దీన్ని పెంచకండి.

బలహీనమైన పరికరాన్ని తన్ని తరిమే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని వాడాల్సి వస్తే మైనస్ 80 దగ్గర పెట్టండి. మైనస్ 70 దగ్గర పెడితే మూల కుర్చీలో కూర్చున్నవాళ్లు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటారు.

10. గెస్ట్ వైఫై

వేరే వీలాన్, ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా ఐసొలేషన్, మనిషికి స్పీడు పరిమితి, అడ్రస్ లీజు (ఇచ్చిన అడ్రస్ చెల్లే సమయం) రెండు గంటలు. లాగ్‌లు తుడిచేయకండి. కేంద్రం సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. రౌటర్‌లో టైమ్ సరిగ్గా ఉందో లేదో కూడా చూడండి, టైమ్ తప్పైన లాగ్ ఎందుకూ పనికిరాదు.

11. కాల్ పెట్టుకుని నడవండి

ఇదే అసలు పరీక్ష. కుర్చీలో కూర్చుని చేసే స్పీడ్ టెస్ట్‌తో పని అయిపోయిందనుకోకండి.

ప్రతి ఏపీకీ కంట్రోలర్‌లో లేబుల్ పేరే ఇవ్వండి. దాని మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) చివరి నాలుగు అక్షరాలు ప్లాన్ మీద రాసుకోండి. ఒక ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి వాట్సాప్ వీడియో కాల్ పెట్టండి. పక్కన ల్యాప్‌టాప్‌లో రౌటర్ అడ్రస్‌కి ఆగకుండా పింగ్ (జవాబు వస్తోందో లేదో చూసే చిన్న సందేశం) నడపండి. ఇంకొకరు చేతిలో యాప్ పట్టుకుని ఏ ఏపీ మీద ఉన్నామో చూస్తుండాలి. గ్రౌండ్ నుంచి పై ఫ్లోర్ దాకా మెట్ల మీదుగా, మామూలు నడకతో వెళ్లండి, ఆకుపచ్చ గీతల వెంట. తిరిగి రండి. వెళ్లేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడు తెగే చోట్లు ఉంటాయి.

ఏపీ మారినప్పుడు ఒక పింగ్ పోతే పర్వాలేదు. వరసగా మూడు నాలుగు పోతే ఆ చోట ఆగి అంకెలు రాసుకోండి. వాటిని ఇలా చదవండి:

- పాతది మైనస్ 78 కి పడిపోయింది, కొత్తది కూడా 75 దగ్గరే ఉంది: అక్కడ ఖాళీ ఉంది. ఏపీ జరపాలి లేదా ఒకటి చేర్చాలి.
- కొత్తది మైనస్ 55 ఉన్నా పాతది ఇంకా 65 తో వేలాడుతోంది: పాతదాని పవర్ తగ్గించండి.
- సిగ్నల్ రెండువైపులా బాగుంది, అయినా తెగింది: మారకముందు, మారాక ఫోన్ ఐపీ అడ్రస్ చూడండి. మారి ఉంటే ఎక్కడో రెండో డీహెచ్‌సీపీ దాక్కుని ఉంది.

ఆ రెండో డీహెచ్‌సీపీ కథ మామూలుగా ఒకేలా ఉంటుంది. ఎవరో ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి టేబుల్ కింద లాన్ పోర్టులో గుచ్చి ఉంటారు. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఇలాంటివి పనిచేయవు.

ఒకే ఒక్క ల్యాప్‌టాప్ దగ్గర ఇబ్బంది, మిగతావన్నీ బాగున్నాయంటే ఏపీల జోలికి వెళ్లకండి. దాని వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేయండి. ఇంటెల్ కార్డు అయితే డివైస్ మేనేజర్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని ఉంటుంది, మీడియం నుంచి ఒక మెట్టు పెంచి చూడండి.

ఈ నడకను మొదటి రోజు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, తర్వాత సోమవారం పదకొండు గంటలకి అందరూ వచ్చాక ఒకసారి చేయండి. రెండోదే లెక్క.

కేబుల్ లాగడానికి వీల్లేకపోతే

అద్దె బిల్డింగ్, ఓనర్ గోడలకి రంధ్రం పెట్టనివ్వరు. ఇలాంటప్పుడు గోడ వెంట కేసింగ్ పట్టీలో కేబుల్ తీసుకెళ్లొచ్చు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకోవచ్చు. మెట్ల పక్క ఎలక్ట్రికల్ షాఫ్ట్ ఉంటే ఫ్లోర్ల మధ్య ఫైబర్ ఒక్కటి దింపండి. ఫైబర్‌లో కరెంటు ఉండదు కాబట్టి పవర్ వైర్ల పక్కన ఉన్నా ఇబ్బంది లేదు. రాగి కేబుల్‌ను మాత్రం పవర్ వైర్లతో ఒకే పైపులో వేయించకండి. ఇవేవీ కుదరకపోతేనే మెష్. అప్పుడు కూడా వెనక లింక్‌కి విడిగా మూడో రేడియో ఉన్న మోడల్ తీసుకోండి, కేబుల్ ఉన్న ఏపీ నుంచి ఒక్క గెంతు కంటే ఎక్కువ పెట్టకండి.

అన్నీ అయ్యాక ప్లాన్ మీద ఏపీల స్థానాలు, చానళ్లు, పవర్, లేబుళ్లు రాసి ఒక ప్రింట్ రాక్ తలుపుకి లోపలివైపు అంటించండి. కంట్రోలర్ బ్యాకప్ ఫైల్ ఆఫీసువాళ్ల మెయిల్‌కి పంపండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కవర్‌లో పెట్టి వాళ్ల చేతికే ఇవ్వండి. పని చేయించుకునేది మీరైతే, ఈ మూడూ చేతికి అందాకే చివరి బిల్లు కట్టండి.